సీడీల దుకాణంలో మేడమ్ పాట

చివరి రోజు పొద్దున నా భార్య సుజాత కాస్త జావ తాగింది, కిటికీ తెరవమంది. సాయంత్రం ఆసుపత్రిలోనే కన్నుమూసింది. సెలవు ముగిసి ఈ రోజే గద్వాలలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి మళ్లీ బయలుదేరాను.

దారిలో ఖాజా సీడీల దుకాణం. నిరుడు ఒక జానపద పాటల సీడీ బాగా అమ్ముడుపోవాలని దగ్గర్లోని ధరూర్ పొలాల్లో వీడియో తీశారు. నాట్లేసే వరుసలో ఒక మనిషి తక్కువైతే, చూడటానికి వెళ్లిన సుజాతను పొలంలోకి దింపారు. అప్పటి నుంచి నేను కనిపిస్తే చాలు, ఖాజా వీధివైపు టీవీలో ఆ పాటే పెడతాడు. అది అతని మర్యాద.

ఈ రోజూ పెట్టాడు.

"సార్, గీ నడుమ కనబడ్తలేరు. మేడమ్ మంచిగున్నరా?"

"మంచిగనే ఉంది" అన్నాను.

"ఒకసారి తోల్కరండి సార్. గీ పాట చూసే సీడీలు కొంటున్నరు. హీరోయిన్‌కు చాయ్ నేనే తాపిస్త!"

తెరమీద సుజాత బురద చేతులతో నవ్వుతోంది. క్లాసుకు ఆలస్యమైందని సగంలోనే వచ్చేశాను. సాయంత్రం తిరిగొస్తుంటే మళ్లీ పెట్టాడు. కాలేజీకి ఇంకో దారి లేదు. మీరైతే ఏమనేవారు?

రేపు పొద్దున దుకాణం తెరవగానే ఖాజాకు నిజం చెబుతాను. పాట చివరిదాకా పెట్టమంటాను.