మర్యం బీబీ గోరీ దగ్గర మేస్త్రీ

ఆ శుక్రవారం, అరబ్బు దేశంలో సూర్ పట్టణం దగ్గరి కొండ మీద ముగ్గురం ఉన్నాం: గుంటూరు మేస్త్రీ, కడప డ్రైవర్, సర్వేయర్‌నైన నేను. మాతో ఒక పికప్, నీళ్ళ డబ్బా, మేస్త్రీ కెమెరా, అందులో నలుపు తెలుపు రీలు. ఎదురుగా గుమ్మటం సగం కూలిన పాత రాతి కట్టడం.

రంగుల్లో తీస్తే మట్టిగోడలా వస్తుందని మేస్త్రీ భయం. ఈ దేశంలో కొడుక్కి చర్చి దొరికిందని ఫొటోలో చూసేదాకా శుక్రవారం అన్నం ముట్టనని ఊళ్ళో వాళ్ళ అమ్మ పట్టుబట్టింది. మర్యం పేరుతో ఏదో కట్టడం ఉందని సైట్‌లో వినగానే, అది మరియమ్మ గుడేనని మమ్మల్ని లాక్కొచ్చాడు.

"మీ మరియమ్మ కాదు మేస్త్రీ, ఇది మా మర్యం బీబీ గోరీ," అన్నాడు డ్రైవర్.

"ఊరుకో భాయ్. ఆ కమాను చూడు, అచ్చం మా గుడి వాకిలే."

ఇక ఒక్కచోట నిలవలేదు. బండ ఎక్కాడు, మోకాళ్ళ మీద వంగాడు, గోడ చుట్టూ తిరిగాడు. బొటనవేలు రీలు తిప్పుతూనే ఉంది.

"కోణం మారిస్తే మతం మారుతుందా?" డ్రైవర్ నవ్వాడు.

"మారకపోతే మా అమ్మకేం చెప్పను?"

ఫొటోలు కడిగించాక రూమ్‌లో మంచం నిండా పరిచాడు. చాలావాటిలో అది నిజంగానే చర్చిలా ఉంది. అదే అతన్ని కూర్చోనివ్వలేదు.

"అమ్మకి అబద్ధం ఎట్టా పంపేది అబ్బాయ్?" అని నన్ను అడిగాడు.

రీలులో వచ్చినవి ముప్పై ఆరు. ఊరికి పంపినవి సున్నా.