అత్త నోట్లో తెల్లమచ్చ

మా అత్త మొహం పూర్తిగా ఎలా ఉంటుందో పెళ్లయిన చాలా ఏళ్ల వరకు నాకు తెలియదు. సత్యవేడు దగ్గర వాళ్ల ఊళ్లో అల్లుడి ఎదుట అత్త నిలబడదు. తలుపు వెనక ఉండి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, అల్లుడికి చెప్పాల్సింది కూతురికి చెబుతుంది. "మీ ఇంటాయన్ని అన్నానికి రమ్మను మే" అనేది, నేను ఎదురుగా కూర్చుని వింటుండగానే. మా ఆవిడ ఆ మాట మళ్లీ నాకు చెప్పేది. అప్పుడు లేచేవాణ్ణి.

తిరుపతిలో నా పని నోటి క్యాన్సర్‌తోనే. యూనివర్సిటీ ప్రయోగశాలలో ఆ కణాలను సీసాల్లో పెంచి, కొండల్లో దొరికే చెట్ల బెరడు రసాలు వేసి, ఏ రసానికి చస్తాయో చూస్తాం. చాలా రసాలకు చస్తాయి. చిక్కేమిటంటే పక్కనున్న మంచి కణాలూ చస్తాయి. అందుకని గొప్పలు చెప్పుకోను గానీ, ఆ పనంటే నాకు ఇష్టం.

మా ఆవిడ నర్సు. ఊరూరా తిరిగే క్యాన్సర్ పరీక్షల వ్యానులో చేస్తుంది. నోట్లో టార్చి వేసి, చెంప పక్కకు లాగి చూడటం ఆమె పని. ఇంట్లో మాకు ఎప్పుడూ ఇదే గొడవ.

"మీ సీసాలు ఎప్పటికి తేల్తాయో. అందాకా నేను మండలమంతా చూసేస్తాను."

"చూసి? ముదిరిపోయినోళ్లకి ఏం చెప్తావు?"

"ముదరకముందే చూస్తే ఆ మాటే రాదు గదా."

ఇద్దరం మొండివాళ్లమే. కూర చల్లారిపోయేది గానీ వాదన తెగేది కాదు.

ఒక ఆదివారం అత్తగారింట్లో భోంచేస్తున్నాం. ఆమె రోట్లో నూరే ఊరిబిండి కారానికి నా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆమె మాత్రం ఆ పచ్చడిని సంగటి ముద్దకు దండిగా అద్దుకుని తినే మనిషి. ఆరోజు తలుపు సందులోంచి ఆమె కంచం కనిపించింది. అందులో పెరుగన్నం తప్ప ఏమీ లేదు. పచ్చడి తానే నూరి, తాను ముట్టుకోలేదు. కారం ఓర్చుకోలేని నోరంటే ఏం కావచ్చో నాకు తెలుసు. మెల్లగా మా ఆవిడకు చెప్పాను.

ఆమె చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లింది.

"మా, కారం మండతాందా?"

"వక్కాకుకి పొక్కినాది, అంతే. ఊళ్లో వాళ్లను సూడు పో. నాకేం రోగం?"

మండలంలో అందరి నోళ్లూ చూసిన కూతురికి ఇంతవరకు ఆమె చెప్పిన జవాబు ఇదే. ఈసారి మా ఆవిడ వినలేదు. రెండు చేతులతో చెంప, నాలుక పట్టుకోవాలి, మరి వెలుతురెవరు చూపిస్తారు? నన్ను పిలిచింది. అత్త గోడవైపు తిరిగిపోయింది.

"మీ ఇంటాయన ఈడుంటే నేనెట్ల మే నోరు తెరిసేది?"

గడప దగ్గర నిలబడి మొదటిసారి ఆమెతో నేరుగా మాట్లాడాను. "అత్తా, నేను దినామూ సూసేది ఈ రోగమే. మీది సూడనీయండి."

అత్త ఇటు తిరిగి కొంగు దించింది. కళ్లు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది. వక్కాకు, పొగాకు అదిమిపెట్టుకునే ఎడమ చెంప లోపల తెల్లటి మచ్చ, దాని మధ్యలో ఎర్రగా. నాకు భయమేసింది. ఫోను లైటు మచ్చ మీంచి పక్కకు పోయింది. "సరిగ్గా పట్టుకోండి" అని మా ఆవిడ కసిరింది.

అప్పుడే మొదలైన క్యాన్సర్ అన్నారు డాక్టర్లు. ఆ ముక్క వరకు కోసి తీసేశారు. బతికింది. ఇంట్లో గొడవ మా ఆవిడ గెలిచిందని నేను ఒప్పుకున్నాను.

అత్త అంతటితో ఊరుకోలేదు. కుట్లు మానాక మేము వెళ్లినప్పుడల్లా ఇరుగుపొరుగు ఆడవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టేది. "అల్లుడి ముందరే తెరిసినా నేను. మీకేమే సిగ్గు?" అని దబాయించేది. కొంగు మాత్రం ఇంకా అడ్డం ఉండేది. టార్చి పట్టుకోవడం నా వంతు.

మొన్న చివరగా ఒకామె వచ్చింది. అత్త ఈడుదే, ఇద్దరూ కలిసి నాట్లు వేసినవాళ్లు. నోరు ఒక వేలు దూరేంత కూడా తెరుచుకోలేదు. మా ఆవిడ ఆమె మెడ తడిమి చూసింది. ఒకచోట ఆగి, మళ్లీ తడిమింది. రెండు పక్కలా గట్టిగా గడ్డలు, రోగం మెడలోకి దిగిపోయింది. రేపే తిరుపతికి తీసుకెళ్తానని ఆమెకు చెప్పింది. నాతో మెల్లగా "ఇంక ఆర్పేయండి" అంది.

ఆర్పేశాను. మా ఆవిడ నావైపు చూసింది. ఇన్నేళ్ల వాదనలో ఎప్పుడూ అలా చూడలేదు.

అత్త కొంగు తీసి, కూతురితో చెప్పించకుండా నన్నే అడిగింది.

"నాయనా, నీ సీసాల్లో మందు తయారైనాదా?"

"ఇంకా లేదత్తా" అన్నాను.