పేరు పెట్టని బిడ్డలు

పంచాయతీ కార్యదర్శిగా చేసినన్నాళ్లూ రోజూ సాయంత్రం డైరీ రాశాను. ఇప్పటికీ రాస్తున్నాను. వాన ఎంత పడింది, పత్తికి ఏ తెగులు సోకింది, ఎవరింట్లో ఏం జరిగింది, అన్నీ ఉంటాయి. మొన్న పాత డైరీలు సర్దుతుంటే, ప్రకాశం జిల్లాలో మిరప పండే ఒక ఊళ్లో పనిచేసిన ఏడాదిది చేతికొచ్చింది. అది మాత్రం తెరవబుద్ధి కాలేదు.

అక్కడ జనన మరణాల రిజిస్టరు రాసేది నేనే. ఎవరైనా బిడ్డ పుట్టిందని వస్తే, పేరు పెట్టాక రండి, ఒకేసారి రాసేద్దాం అనేవాణ్ణి. ఊళ్లో ఇరవై ఒకటో రోజు బారసాల చేసేవాళ్లు. మిరప కోతలకు వెళ్లే కూలీలుండే పేటలో పాస్టరు గారు ప్రార్థన చేసి పేరు పెట్టేవారు. పేరు లేకుండానే రాయవచ్చన్న నిబంధన నాకు మొదటి నుంచీ తెలుసు. కానీ గడి ఖాళీగా వదలడం నచ్చేది కాదు. దిద్దుబాట్లు లేని రిజిస్టరని పైవాళ్లు మెచ్చుకునేవారు.

పేరు పెట్టకముందే పోయిన బిడ్డ సంగతి చెప్పడానికి ఎవరూ వచ్చేవారు కాదు. ఆ ఏడాది పేటలో నలుగురు పసికందులు పుట్టిన వారంలోపే పోయారు. నాలుగుసార్లూ డైరీలో రాసుకున్నాను. రిజిస్టరులో పుట్టినట్టూ రాయలేదు, పోయినట్టూ రాయలేదు.

ఊరి నర్సమ్మ మాత్రం ఊరుకోలేదు. కాన్పులన్నీ ఇళ్లలోనే అవుతున్నాయని, ఖాళీగా ఉన్న పాత బడి గదికి కాన్పుల సామాను, ఇంకో నర్సును ఇమ్మని అర్జీ మీద అర్జీ పెట్టింది. పేటలో అప్పటికి ఒకావిడకు ఆరో నెల. చివరికి ఆరోగ్యశాఖ అధికారి ఒకాయన వచ్చి రిజిస్టరు తిరగేశాడు. పసిబిడ్డల మరణం ఒక్కటీ లేదు. పక్క మండలంలో ఒక ఊరి రిజిస్టరులో ఐదున్నాయని, సామానూ నర్సూ అక్కడికే ఇస్తామని చెప్పాడు.

నర్సమ్మ నావైపు తిరిగింది. "మీరు చెప్పండి సార్. మీకు తెలుసు కదా."

తెలుసంటే ఎందుకు రాయలేదని అడుగుతారు. "నా దృష్టికి రాలేదండి" అన్నాను.

అధికారి వెళ్లాక ఆమె నన్ను తిట్టలేదు. "వాన చినుకు పడ్డా డైరీలో రాసుకుంటారటగా" అని మాత్రం అని, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆరో నెల అన్న ఆ పేట ఇల్లాలికి మిరప కోతల కాలంలో ఇంట్లోనే కాన్పయింది. ఐదో రోజున బిడ్డ పోయాడు. సామాను వచ్చి ఉంటే బతికేవాడని నేను చెప్పలేను. బతికేవాడు కాదని కూడా చెప్పలేను.

మర్నాడు రిజిస్టరు పట్టుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఇంకా పేరు పెట్టలేదండి" అన్నాడు.

పేరు లేకపోయినా రాయవచ్చని చెప్పాను. అతను అరుగు మీంచి లేచాడు.

"మరి మా తమ్ముడి బిడ్డప్పుడు పేరు పెట్టాక రమ్మన్నారుగా?"

ఆ బిడ్డ ఆ నలుగురిలో ఒకరు. తల దించుకుని ఈ బిడ్డ పుట్టుక, చావు రెండూ రాశాను. పేరు గడి ఖాళీగా వదిలేశాను.

మిగతా నలుగురినీ ఆలస్యంగానైనా ఎక్కించే దారి ఉంది. అయితే ఆలస్యానికి కారణం రాసి సంతకం పెట్టాలి. ఆ కారణం నేనే. రాయలేదు. వాళ్లు ఇప్పటికీ నా డైరీలోనే ఉన్నారు.