తలుపుకు మందు

ఊరివాళ్ళు ఇచ్చిన పాత వస్తువులతో ఉదయగిరిలో నడిచే ఆ మ్యూజియం రెండే గదులు. దాన్ని చూసుకునే పెంచలనరసయ్య పొద్దున్నే చెప్పులు బయట విడిచి, పంచె ఎగగట్టి, ముందుగా లోపలి గదిలో గోడకు ఆనించిన తలుపు దగ్గరికి పోతాడు. కొండాపురం దేవకమ్మ పాత ఇల్లు పడగొట్టినప్పుడు ఇచ్చిన, చిలుకలు చెక్కిన తలుపు అది. దానికి పుచ్చుపురుగు పట్టింది. పేలికతో ఒక్కో రంధ్రానికీ కిరసనాయిలు అద్దేవాడు. తెలిసినవాళ్ళను పంపమనీ, మందుకు నిధులిమ్మనీ అతను అడగని ఆఫీసు లేదు.

చివరికి మొన్న వేసవిలో ఒక అధికారి వచ్చి ముక్కు మూసుకున్నాడు. "ఏందయ్యా ఈ వాసన? కిరసనాయిలు పూయకూడదు."

"మరేం పూయాల సార్?"

"అది నిపుణులు చెప్పాల."

"తమరు నిపుణులు కాదా సార్?"

"నేను తనిఖీకొచ్చినాను. వాళ్ళొచ్చేదాకా చెయ్యి పెట్టబాక. పెట్టినావా, గ్రాంటు రాదు."

పెంచలనరసయ్య చెయ్యి పెట్టలేదు. వానలు వెనకబట్టినా నిపుణులు రాలేదు. ఇప్పుడు రోజూ తలుపుకు చెవి ఆనించి, లోపల పురుగు కొరికే చప్పుడు వింటూ నిలబడతాడు. ఒకరోజు అలా ఉండగానే దేవకమ్మ వచ్చింది. కింద రాలిన పొడి చూసింది.

"ఏం పూయడంలేదా అన్నా?"

"పూయకూడదంటమ్మా."

"మరేం చేయాలంట?"

అతను కూర్చుని పొడి ఎత్తసాగాడు. ఆమె తలుపు అంచును వేలితో నొక్కింది. వేలు లోపలికి దిగింది.

"మా ఇంట్లో మూడు తరాలుండాది," అంది. "ఒక్కనాడూ పుచ్చు పట్టలేదన్నా."