రష్యన్ పాఠానికొచ్చిన పిస్టన్

క్యూబాలోని కమగ్వే యూనివర్సిటీలో నేను రష్యన్ చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో క్లాసులో కుర్చీలు చాలేవి కావు. అదంతా నా గొప్పే అనుకున్నాను. సోవియట్ యూనియన్ కూలిపోయిన రెండేళ్లకు ఐదుగురు మిగిలారు. ఆ గొప్పలో నా వాటా ఎంతో అప్పుడు తెలిసింది.

మా శాఖాధిపతి మిర్తా గారు పిలిచి, నెలాఖరుకి పది మంది లేకపోతే కోర్సు ఎత్తేస్తామని, నన్ను ఇంగ్లీషు చెప్పమంటామని అన్నారు. నాకు ఇంగ్లీషు రాదని మనవి చేసుకున్నాను.

"నేర్చుకుంటూ చెప్పు లియో. పిల్లలకంటే ఒక్క పాఠం ముందుంటే చాలు" అన్నారావిడ.

భయం పట్టుకుంది. మధ్యాహ్నం క్యాంటీన్ దగ్గర బఠానీ పులుసు కోసం వరుసలో నిలబడ్డ కుర్రకారుకి రష్యన్ విభక్తుల అందం వర్ణించాను. ఆకలితో ఉన్నవాళ్లే ముగ్గురు వరుస వదిలి వెళ్లిపోయారు.

అయినా మర్నాడు తొమ్మిది మంది కొత్తవాళ్లొచ్చారు. నా ఛాతీ ఉప్పొంగింది. మా అంతస్తులో తిరిగే ఫ్యాను నా గదిలో ఒక్కటేనని వారం తర్వాత ఎవరో చెప్పారు. ఆ శుక్రవారం అదీ కాలిపోయింది. సోమవారం మళ్లీ ఐదుగురే.

ఆ ఐదుగురిలో యుసిమీ అనే అమ్మాయి ఉండేది. వాళ్ల తాతయ్య రష్యా కారు కదలక ఏడాదయింది. దాని మరమ్మతు పుస్తకం తెచ్చి, చదివి చెప్పమంది. పదహారేళ్లు రష్యన్ కవిత్వం చెప్పినవాడికి ఇదెంత అనుకున్నాను.

"పిస్టన్ బిగించే ముందు వేలికి నూనె రాయాలి" అని అర్థం చెప్పాను.

"ఎవరి వేలికి మాస్టారూ?"

నా వేలు చూసుకున్నాను. అక్కడున్న రష్యన్ మాటకి వేలు అన్న అర్థమొక్కటే నాకు తెలుసు. ఆ పిల్ల బొమ్మ మీదికి వంగి చూసింది.

"ఇది పిస్టన్‌లో దూర్చే పిన్ను మాస్టారూ. మా తాత వేళ్లు బాగానే ఉన్నాయి."

క్లాసంతా నవ్వింది. నేను ఆ మాట నోట్సులో రాసుకున్నాను.

ఈ కథ యూనివర్సిటీ అంతా పాకింది. మా ఊళ్లో ఎవరింట్లో చూసినా రష్యా సామానే, కాగితాలూ రష్యన్‌లోనే. ఒక్కొక్కరే రేడియో కాగితమో, కుట్టుమిషన్ కాగితమో పట్టుకుని రాసాగారు. దేన్ని దేనితో విప్పాలో తప్పు చదివితే సామాను పాడవుతుంది కనుక విభక్తులు వాళ్లే అడిగి మరీ నేర్చుకున్నారు. నెలాఖరుకి పదముగ్గురయ్యారు.

లెక్క చూడడానికొచ్చిన మిర్తా గారు వెనక బల్ల మీద కూర్చుని, గంట మోగాక సంచీలోంచి ఒక కాగితం తీశారు.

"మా వాషింగ్ మిషన్ నీళ్లు వదలడం లేదు. కోర్సు సంగతి తర్వాత, ముందు ఇది చూడు."

చూశాను. అర్థం కాలేదు. యుసిమీకి అందించాను.

కోర్సు నిలిచింది. తాతయ్య కారు మార్చిలో వీధి చివరిదాకా వెళ్లింది. పరీక్షలో పంతానికి కవిత్వం మీద ఒక ప్రశ్న పెట్టాను. ఎవరూ దాని జోలికి పోలేదు. మరుసటి ఏడాది సగం పాఠాలు యుసిమీయే చెప్పింది. నేను ముందు బల్ల మీద కూర్చుని రాసుకున్నాను. ఆ ఏడు క్లాసుకి ఒక్కరోజూ నాగా పెట్టని విద్యార్థి నేనొక్కణ్ణే.