మా మావయ్య బండి వెనక లైటు

నా చిన్నప్పుడు యాంగోన్ నగరం మొత్తానికి చూడదగ్గ వస్తువులు రెండే ఉండేవి. ఒకటి బంగారు పగోడా, రెండోది మా మావయ్య మోటార్ సైకిలు. మొదటిదాని సంగతి లోకమంతటికీ తెలుసు కాబట్టి నేను రెండోదాని గురించే చెబుతాను.

ఇప్పుడైతే ఈ నగరంలో మోటార్ సైకిలు నడపనివ్వరు. అప్పట్లో నడపనిచ్చేవారు కాని కొత్త బండ్లు దొరికేవి కావు. అందుకని మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, ప్రాణం పోయిన మూడు బండ్లను కలిపి ఒక బండిని బతికించాడు. ఇంజను ఒకదానిది, చట్రం ఇంకొకదానిది, పెట్రోలు ట్యాంకు మూడోదానిది. ఈ ముగ్గురి గొడవా బయటికి తెలియకుండా పైన ఎర్ర రంగు పూశాడు. పూయడం, ఆరబెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, మళ్ళీ పూయడం. వానలతో మొదలైన పని దీపావళికి గాని తెమలలేదు. ఆ రంగు మందానికి బండి పుట్టినప్పటికంటే లావెక్కింది. మా అమ్మ దాని మడ్‌గార్డులో చూసుకుని బొట్టు పెట్టుకునేది. మా పేట పబేడాన్ కాకులు అందులో తమ మొహాలు చూసుకుని, సిగ్గుపడి, మా వీధికి రావడమే మానేశాయి.

ఇంతటి బండికి ఒకే ఒక్క లోపం. రంగు కోసం ఊడదీసినప్పుడు పాత వెనక లైటు పగిలింది. దాని చోట బిగించిన కొత్త లైటు ఎంత బతిమాలినా వెలగలేదు.

మామూలు రోజుల్లో అయితే మావయ్య దాన్ని పట్టించుకునేవాడు కాదు. కాని అప్పుడాయన పక్క వీధిలో పూలు అమ్మే బర్మా అక్కను పెళ్ళి చేసుకోవాలని తిరుగుతున్నాడు. అక్కకీ ఇష్టమే. తేలవలసింది వాళ్ళ నాన్న దగ్గర. ఆయన సేక్కాన్ రేవులో లారీ నడిపి, మన తెలుగు కూలీలతో కలిసి తిరిగి, సగం తెలుగు ఒంటబట్టించుకున్న మనిషి. పెళ్ళి మాట ఎత్తగానే ఆయన కులం అడగలేదు, గుడి అడగలేదు, నేరుగా బండి వెనక్కి వెళ్ళి చూశాడు. వెనక లైటు లేని బండి మీద నా కూతురు కూర్చోదు, ఆదివారం సాయంత్రం వస్తాను, వెలిగితే కూర్చుని మాట్లాడుకుందాం, వెలగకపోతే ఈ మాట మళ్ళీ ఎత్తవద్దు అని చెప్పి వెళ్ళిపోయాడు.

మా మావయ్య ఇళ్ళకు కరెంటు వైరింగు చేసేవాడు. పబేడాన్‌లో చీకటి పడకపోవడానికి ఆయనే కారణమని మా ఇంట్లో అందరి నమ్మకం. ఇంట్లో ఏ బల్బుకైనా రెండు తీగలు ఉంటాయి, కరెంటు వచ్చేది ఒకటి, తిరిగి పోయేది ఒకటి. బండి లైటుకు చూస్తే ఒక్క తీగే ఉంది. రెండోది ఏదని విడిభాగాల దుకాణంలో అడిగితే, అది మ్యే సైక్ చో అన్నారట. బర్మా మాటల్లో అంటే భూమిలో పాతిన తాడు, మనం ఎర్తు వైరంటాం. ఆ ఒక్క ముక్క విని మావయ్య మిగతాది వినకుండా వచ్చేశాడు. ఇళ్ళకు ఎర్తు వేయడం ఆయనకు కొత్త కాదు మరి. గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, రాగి తీగ పాతి, ఎండాకాలం నీళ్ళు పోయడమే. పరుగెత్తే బండికి గొయ్యి తవ్వడం కుదరదు కాబట్టి, లైటు నుంచి ఒక ఇనప గొలుసు వేలాడదీసి నేల మీద ఈడ్చుకు వచ్చేలా కట్టాడు. అయినా వెలగలేదు. రోడ్డు పొడిగా ఉండడం వల్ల కరెంటు నేలలోకి దిగడం లేదని తేల్చి, కెటిలు నిండా ఉప్పునీళ్ళు ఇచ్చి నన్ను బండి వెనక నడవమన్నాడు.

"ఒలే, గొలుసు కాడ పొయ్యి. టైరు మీద పోత్తావేటి?"

ముందు మావయ్య, వెనక నేను, నా వెనక వీధికుక్కలన్నీ. గొలుసు చప్పుడుకి టీకొట్ల ముందు కూర్చున్నవాళ్ళు ఏదో దేవుడి ఊరేగింపు వస్తోందని లేచి నిలబడ్డారు. లైటు మాత్రం కన్ను తెరవలేదు.

ఆదివారం సాయంత్రం పెద్దాయన కిళ్ళీ నములుతూ వచ్చాడు. ఆయన వెనకే వచ్చిన అక్క మా మెట్ల దగ్గర నిలబడి, కొంగు లేదు కాబట్టి వేళ్ళే మెలిపెట్టుకుంటోంది. పెద్దాయన గొలుసు చూశాడు, తడిసిన వీధి చూశాడు, నా చేతిలో కెటిలు చూశాడు. నవ్వలేదు. ఆయన నవ్వకపోవడం ఎంత గొప్ప మర్యాదో నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

"కో కరెంటూ," అన్నాడు. మావయ్యకు ఆయన పెట్టిన పేరు అది, బర్మాలో కో అంటే అన్న అన్నట్టు. "బండికి కాళ్ళేటి?"

"టైర్లు, ఊలే," అన్నాడు మావయ్య. మనం బాబాయి అన్నట్టు ఇక్కడ పెద్దవాళ్ళను ఊలే అంటాం.

"టైరు రబ్బరు గదా. రబ్బరేసుకున్నదానికి కింద నేలతో పని నేదు. బండికి బండే భూమి."

అప్పుడు నిదానంగా విప్పి చెప్పాడు. బ్యాటరీ రెండో కొస బండి చట్రానికే కట్టి ఉంటుంది. బండిలోని ఇనుమంతా కలిసి ఆ రెండో తీగ. లైటు ఇనుము బండి ఇనుముకు తగిలితే చాలు, కరెంటు తన దారిన తాను తిరిగి వెళ్ళిపోతుంది. తగలనివ్వకుండా మధ్యలో అడ్డం పడినది ఒకటే ఉంది. పెద్దాయన దాన్ని గోటితో తట్టి చూపించాడు. ఎర్రగా, నున్నగా, అద్దంలా ఉంది.

జేబులోంచి వక్కలు కోసే చాకు తీసి మావయ్య ముందు పట్టుకున్నాడు. మా వీధి ఊపిరి బిగబట్టింది. ఈగ వాలితే ఆ ఈగ కాళ్ళు తుడిచి మరీ పంపించే మనిషి మా మావయ్య. ఆయన చాకు వంక చూశాడు, మడ్‌గార్డు వంక చూశాడు. మీరే గీకేయండి, నేను చూడలేను అని గొణిగాడు.

"నాను గీకితే లైటు వత్తాది," అన్నాడు పెద్దాయన. "నువ్వు గీకితే పిల్ల కూడా వత్తాది."

మావయ్య గొలుసు విప్పేసి, లైటు ఊడదీసి, బోల్టు పట్టే చోట చాకు ఆనించాడు. ఆ గీకుడు చప్పుడు బోటాటౌంగ్ రేవు దాకా వినిపించి ఉంటుంది. మా అమ్మ కళ్ళు మూసుకుంది. గోరంత మేర రంగు పోయి కింద బూడిద రంగు ఇనుము బయటపడింది. అక్కడే బోల్టు బిగించి స్విచ్చి వేశాడు. తడిసిన మా వీధంతా ఒక్కసారి ఎర్రగా అయిపోయింది. నదిలో ఓడలు ఆ వెలుగు చూసి ఆగిపోయాయని నేను బడిలో చెప్పాను, ఎవరూ కాదనలేదు.

పెద్దాయన కూతురి వైపు తిరిగి బర్మాలో ఒక్క మాట అన్నాడు. ఎక్కు అని. ఆ అక్క బండెక్కి మాకు అత్తయ్య అయింది.

ఆ తరువాత ఎవరు బండి రంగు మెచ్చుకున్నా మావయ్య మాట మధ్యలోనే ఆపి, రెంచీ తెచ్చి, లైటు విప్పి, ఆ గోరంత చోటు చూపించేవాడు. పతకం చూపిస్తున్నంత గర్వంగా.

ఆంధ్ర నుంచి అప్పుడప్పుడు ఇక్కడ నేను నడిపే కొట్టుకు మనుషులు వస్తారు. సగం బర్మా కలిసిన నా తెలుగు విని మొదట తికమక పడతారు. అచ్చులో రాసేటప్పుడు నేనూ నా మాట మీద కోటింగు మీద కోటింగు వేస్తాను, ఇప్పుడు వేసినట్టే. కాని మనిషి ఎదురుగా ఉన్నప్పుడు గోరంత చోట రంగు లేకుండా ఉంచుకుంటాను. "ఏటి బాబూ, ఏ ఊరోల్లు?" అంటాను. మా ఇంటి యాస పుట్టిన శ్రీకాకుళం వైపు వాళ్ళయితే ఆ మాటకు వాళ్ళ ముఖం ఎలా వెలుగుతుందో నేను కళ్ళారా చూస్తూనే ఉన్నాను.