గేటు ముందు నేనన్న ‘ప్చ్’

2022 జూలైలో ఆ ఇల్లు నా చేతికి వచ్చింది. కర్నూలులో ఒక పాత కాలనీ చివర రెండు గదుల ఇల్లు. అప్పటికి ఇళ్ల బ్రోకరుగా నాకు పద్దెనిమిదేళ్ల అనుభవం ఉంది. ఇంటి యజమాని సుంకులమ్మ బట్టలు కుట్టేది. భర్త బేతంచెర్లలో బండల పాలిష్ పని చేసేవాడు, పోయి మూడేళ్లయింది. ఇంట్లో పరిచిన బండలు ఆయన ఒక్కొక్కటి ఏరి తెచ్చినవే.

కూతురు గంగకు ఎనిమిదేళ్లు. పుట్టుకతో వినపడదు. కడపలో వినపడని పిల్లల బడి ఒకటి సుంకులమ్మ చూసి వచ్చింది. రోజూ తల్లే తీసుకుపోయి తీసుకురావాలి. ఈ ఇల్లు అమ్మితే తప్ప కడపలో కాపురం పెట్టలేదు.

“వచ్చే జూన్‌కు పాపను చేర్చాలన్నా. ఇప్పటికే శానా లేటయిందని ఆడ టీచరమ్మ అనింది.”

“ఇంత మంచి ఇల్లు, దసరా లోపల పోతుంది లేమ్మా,” అన్నాను. ఆ మాట నమ్మే అన్నాను.

ఆగస్టులో మొదటి పార్టీ వచ్చాడు. కొనేవాళ్లయినా అమ్మేవాళ్లయినా మాకు అందరూ పార్టీలే. ఈయన బడిపంతులు. చెప్పులు విడిచి బండల మీద నడిచి చూశాడు. నచ్చిందని ముఖమే చెప్పింది.

సరిగ్గా ఆ వారమే, ఓర్వకల్లు రోడ్డులో వెంచర్ వేసి వరసగా ఇళ్లు కట్టిన పెద్దమనిషి ఒకాయన నన్ను పిలిచి, తన కారులో పక్కన కూర్చోబెట్టుకుని, తన ఇళ్లు ముందు చూపించమన్నాడు. నేను ఆ కారులో తిరగడం నలుగురూ చూడాలని ఆశపడ్డాను. పంతులును అటు తిప్పాలనుకున్నాను.

బయటికి వచ్చి గేటు ముందు నిలబడ్డాను. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎదుటి వీధి పొడవునా చూసి, తల అడ్డంగా ఊపి ‘ప్చ్’ అన్నాను. కిటికీలో గంగ ఉంది. వినపడని పిల్ల కదా అనుకున్నాను.

“ఏమప్పా?” అన్నాడు పంతులు.

“ఏం లేదు సార్. మీ ఇష్టం.”

అంతే. వీధి నేరుగా వచ్చి ఇంటికి తగిలితే వీధిపోటు అంటారు. ఆ ఇంట్లో ఉండేవాళ్లకు చేటని నమ్మకం. ఆ మాట బ్రోకరు నోటితో అననక్కర్లేదు, చూపు చాలు. మిగతాది పార్టీ తానే పూరించుకుంటాడు. అబద్ధం ఒక్కటీ ఆడలేదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను.

పంతులు ఓర్వకల్లు రోడ్డులోనే కొన్నాడు. టీకొట్టులో ఎవరితోనో ఒక మాట అన్నాడు. రెండు నెలల్లో సుంకులమ్మది ‘వీధిపోటు ఇల్లు’ అయింది. వెంచర్ పెద్దమనిషి నన్ను మరిచిపోయాడు. అప్పుడు మనసు పెట్టి ఆ ఇల్లు అమ్మబోయాను. వచ్చినవాళ్లందరూ బండి దిగి, నేను నిలబడిన చోటే నిలబడి, వీధి వంక చూసేవారు. “ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తాం,” అనేవారు. మా పనిలో ఆ మాటకు అర్థం ఫోన్ రాదనే.

“ఏం చేస్తే పోతాదన్నా?” అని సుంకులమ్మ అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పాను. సున్నం కొట్టించమన్నాను, తలుపులకు రంగు వేయించమన్నాను, ధర దించమన్నాను. అన్నీ చేసింది. చెప్పాల్సింది మాత్రం నేను చెప్పలేదు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఫోన్ చేసి రమ్మంది. వెళ్లేసరికి వీధి మొదట్లో దారపు ఉండ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఇంటి వైపున్న మురుగు కాలువ అంచు వెంబడి, ఎక్కడా వంకర పోకుండా దారం లాగింది. అవతలి కొస గంగ చేతిలో ఉంది. కాలువ అయిపోయాక కూడా దారం అదే గీతలో సాగి పక్కింటి ప్రహరీకి తగిలింది. సుంకులమ్మ గోడ ఇంకా బారెడు దూరంలో ఉంది. వీధి ఆమె ఇంటికి తగలనే లేదు.

“పదిహేనేండ్లుగా గుడ్డ కత్తిరిస్తాండా, నాకు గీత తెలీదా?” అంది. “వినాయకుణ్ణి పెట్టుకో, పోటు పోతాదంటారు అందరూ. లేని రోగానికి మందేందన్నా?”

పక్కింటి తాత గోడ మీదుగా తొంగి చూశాడు. “ఏమ్మే సుంకులూ, నీ పోటు నా మీదికి తోస్తాండావా?”

“నీకేమయింది తాతా? ఎనభై ఏండ్లకు గుండ్రాయి మాదిరి ఉండావు!”

తాత నవ్వాడు. నేనూ నవ్వబోయాను. ఆమె నా వైపు తిరిగింది.

“వచ్చినోళ్లంతా ఈడనే నిలబడి చూస్తాండారు. మొదట చూసినోడు ఎవడన్నా?”

నేను చూపు కాలువ వైపు తిప్పుకున్నాను. ఆమె గంగకు సైగ చేసి అదే అడిగింది. గంగ దారం వదిలేసి గేటు ముందుకు వచ్చింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. వీధి పొడవునా చూసింది. తల అడ్డంగా ఊపి, పెదాలు బిగించి విడిచింది. ఆ పిల్ల తాను ఎన్నడూ వినని ‘ప్చ్’ను అచ్చం నాలాగే చేసింది. తర్వాత వేలు నా వైపు చూపింది.

“నువ్వా అన్నా?”

“నేనేనమ్మా.”

ఆమె తిట్టలేదు. దారం ఉండకు చుట్టుకుంటూ వీధి వెంట నడిచిపోయింది.

ఆ సాయంత్రం పంతులు ఇంటికి వెళ్లి చెప్పాను. టీకొట్టులో నలుగురి ముందు చెప్పాను. వచ్చిన ప్రతి పార్టీకీ ఆ మాట పుట్టించింది నేనేనని చెప్పి, కాలువ అంచు చూపించాను. పుట్టించినంత తేలికగా దాన్ని చంపలేకపోయాను. ఇల్లు జూలైలో అమ్ముడుపోయింది. అప్పటికి కడప బడిలో చేరికలు అయిపోయాయి, వచ్చే ఏడు రమ్మన్నారు. గంగకు నా వల్ల ఒక ఏడాది పోయింది.

ఇల్లు ఎందుకు పోవడం లేదని ఇప్పుడు ఎవరైనా అడిగితే, గోడలూ దిక్కులూ తర్వాత చూస్తాను. ఆ ఇల్లు మొదట చూపించిన బ్రోకరు గేటు ముందు ఏం చేశాడని అడుగుతాను. పార్టీతో నేను బయటికి వచ్చినప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి కిటికీ చూస్తాను. అక్కడ ఎవరూ ఉండరు. అయినా ముఖం సరిచేసుకుంటాను.